ఎముక చిట్లినా చేతులు తీయకండి



గుండె ఆగిన మనిషిని ఎలా కాపాడుకోవాలో నేర్పే తరగతి ఎక్కడ పెట్టినా సరే, పోలీసు క్వార్టర్సులో గానీ, కాలేజీలో గానీ, అపార్ట్‌మెంటు సెల్లారులో గానీ, ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. వెనక వరసలోంచి ఎవరో కాస్త మొహమాటపడుతూ అడుగుతారు. "డాక్టరుగారూ, ఛాతీ మీద అంత గట్టిగా నొక్కితే ఎముకలు విరిగిపోవా?"

విరుగుతాయి. ఉన్న మాట అదే. కానీ ఈ మాట చెప్పడానికి చాలామంది శిక్షకులు వెనకాడతారు. "సరిగ్గా నొక్కితే ఏమీ కాదు లెండి" అని సర్దిచెప్పి ముందుకు వెళ్లిపోతారు. నిజం చెబితే జనం భయపడి అసలు చెయ్యే వెయ్యరేమోనని వాళ్ల బెంగ. ఆ బెంగలో మంచి ఉద్దేశమే ఉంది. కానీ "ఏమీ కాదు" అన్న మాట నమ్మి ఇంటికి వెళ్లిన కుర్రాడు రేపు తన తండ్రి ఛాతీ మీద నొక్కుతుంటే, అరచేతి కింద టక్కున ఎముక చిట్లిందనుకోండి. ఏం చేస్తాడు? అయ్యో, తప్పు చేశాననుకుంటాడు. చేతులు వెనక్కి తీసేసుకుంటాడు. ఆ తీసేసుకోవడంతోనే తండ్రికి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది. అందుకే ఈ పూట నేను ఆ విరిగే ఎముకల గురించే మాట్లాడతాను. వాటి మీద డాక్టర్లు ఎంతో పరిశోధన చేశారు. ఆ పరిశోధన ఆస్పత్రి గోడలు దాటి మన ఇళ్లలోకి రావాలి.

ముందు అంకెలు చెబుతాను. స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో పోస్టుమార్టం చేసే వైద్యులు 2148 మంది మృతదేహాలను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వీళ్లందరికీ చనిపోయే ముందు సీపీఆర్, అంటే ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కడం, జరిగింది. మగవాళ్లలో 86 శాతం మందికి, ఆడవాళ్లలో 91 శాతం మందికి ఛాతీ ఎముకల్లో ఏదో ఒక దెబ్బ కనిపించింది. పక్కటెముకలు విరిగినవాళ్లు మగవాళ్లలో 77 శాతం, ఆడవాళ్లలో 85 శాతం. ఛాతీ మధ్యలో నిలువుగా ఉండే రొమ్ము ఎముక విరిగినవాళ్లు మగవాళ్లలో 59 శాతం, ఆడవాళ్లలో 79 శాతం.

ఇంత ఎక్కువా అని ఆశ్చర్యం వేస్తుంది. అంతకు ముందు, 2004లో, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసినవాళ్లకు పక్కటెముకల లెక్క ఒక్కో చోట ఒక్కో రకంగా కనిపించింది. ఒక అధ్యయనంలో 13 శాతం, ఇంకో దానిలో 97 శాతం. ఒకే పనికి ఇంత తేడా ఎందుకు? వెతికే పద్ధతిలో ఉంది తేడా అంతా. మామూలు ఎక్స్‌రేలో ఈ విరుగుళ్లు చాలావరకు కనబడవు. పచ్చి వేపకొమ్మను వంచితే ఒకవైపు చిట్లి, రెండోవైపు తొక్కతో అంటుకునే ఉంటుంది చూడండి, పక్కటెముకల్లో చాలావాటికి జరిగేది అదే. లోపలివైపు నలుగుతుంది, బయటివైపు నిలబడే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే సీటీ స్కాన్ కావాలి, లేదా పోస్టుమార్టం బల్ల మీద ఒక్కొక్క ఎముకనూ వేలితో తడిమి చూసే ఓపిక కావాలి. లుబ్లియానా వైద్యులు పెట్టింది ఆ ఓపిక.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. వాళ్లు చూసింది బతకనివాళ్లను. బతకనివాళ్లకు మామూలుగా ఎక్కువసేపు నొక్కుతారు, వాళ్లలో వయసు మళ్లినవాళ్లూ ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఎముక గుల్లబారుతుంది. పక్కటెముకను రొమ్ము ఎముకతో కలిపే మెత్తటి భాగం కూడా గట్టిపడి, వంగాల్సిన చోట విరుగుతుంది. చిన్నపిల్లల్లో అయితే ఈ దెబ్బలు చాలా అరుదు, నూటికి రెండు కూడా ఉండవు. ఎంత అరుదంటే, పసిబిడ్డ వీపు వైపు పక్కటెముకలు విరిగి కనిపిస్తే పోస్టుమార్టం డాక్టరు దాన్ని సీపీఆర్ ఖాతాలో వేసి ఊరుకోడు, ఎవరైనా బిడ్డను హింసించారేమోనని ఆరా తీస్తాడు. ఛాతీ గాయాల పరిశోధన ఒక్కోసారి నేరాన్నీ పట్టిస్తుంది, ఒక్కోసారి నిర్దోషినీ కాపాడుతుంది.

మరి ఇన్ని ఎముకలు విరిగేంత లోతుకు ఎందుకు నొక్కాలి?

మన గుండె రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ఉంటుంది. పైనుంచి నొక్కితే ఆ రెండింటి మధ్యా నలిగి, ఛాతీ లోపల ఒత్తిడి పెరిగి, రక్తం బయటికి తోసుకుపోతుంది. వదిలితే మళ్లీ నిండుతుంది. ఎంత బాగా నొక్కినా మామూలు గుండె చేసే పనిలో కొంత భాగమే చెయ్యగలం. కానీ ఆ కొంతతోనే మెదడు చావకుండా నిలబడుతుంది. చాలీచాలని లోతులో నొక్కితే ఆ కొంత కూడా అందదు.

ఛాతీని పైనుంచి నొక్కితే చాలన్న సంగతి కనిపెట్టిన తీరు చెప్పుకోదగ్గది. 1950ల చివర్లో అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో విలియం కోవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు గుండెకు కరెంటు షాకు ఇచ్చే యంత్రం మీద పనిచేస్తున్నారు. ఆయన దగ్గర చదువుకుంటున్న గై నికర్‌బాకర్, కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ ఒకటి గమనించాడు. షాకు ఇవ్వకముందే, ఆ యంత్రానికుండే బరువైన పలకలను ఛాతీకి అదిమినంత మాత్రానే కుక్క తొడ దగ్గర రక్తనాళంలో ఒత్తిడి పెరుగుతోంది. అప్పటిదాకా ఆస్పత్రిలో గుండె ఆగితే డాక్టర్లు ఛాతీ కోసి, చేయి లోపల పెట్టి, గుండెను పట్టుకుని పిసికేవాళ్లు. జేమ్స్ జూడ్ అనే సర్జన్ వీళ్లిద్దరితో చేతులు కలిపారు. 1960 జులైలో ముగ్గురూ తమ ఫలితాలు అచ్చు వేశారు. 20 మంది రోగుల్లో 14 మంది బతికి బయటపడ్డారు. కోత అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలన్నది ఆ వ్యాసం సారం. ఒక ఇంజినీరు, ఒక విద్యార్థి, ఒక సర్జన్ కలిసి, డాక్టర్ల చేతిలో ఉన్న పనిని అందరి చేతుల్లోకి తెచ్చారు. వైద్య చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

తొలినాళ్లలో నిమిషానికి 60 సార్లు నొక్కితే చాలనుకున్నారు. లోతు నాలుగైదు సెంటీమీటర్లు అన్నారు. రానురాను పరిశోధనలు పెరిగాయి. అసలు జబ్బు ఎక్కడుందో తెలిసింది. చాలామంది పైపైనే నొక్కుతున్నారు, మధ్యమధ్యలో ఆపేస్తున్నారు. అందుకని 2010లో కనీసం అయిదు సెంటీమీటర్లు నొక్కాలని మార్చారు. "గట్టిగా నొక్కండి, త్వరత్వరగా నొక్కండి" అన్న పాఠం ప్రపంచమంతా పాకింది. అప్పుడు ఫిన్లాండులోని టాంపెరే నగరం డాక్టర్లకు ఒక సందేహం వచ్చింది. కనీసం ఇంత అని చెప్పాం గానీ, ఇంతకు మించొద్దని చెప్పలేదే! లోతు పెరిగేకొద్దీ గాయాలు పెరుగుతున్నాయేమో?

వాళ్లు లోతు కొలిచే పరికరం వాడి లెక్కలు తీశారు. 2013లో ప్రచురించారు. మగ రోగుల్లో అయిదు సెంటీమీటర్ల లోపు నొక్కినప్పుడు 28 శాతం మందికి గాయాలు. అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల మధ్య 27 శాతం. ఆరు దాటితే 49 శాతం. అంటే అయిదు దాటినందుకు గాయాలు పెరగలేదు, ఆరు దాటాకే పెరిగాయి. మరుసటి ఏడాది ఉత్తర అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా రోగుల వివరాలు చూసినవాళ్లకు మరో వైపునుంచి అలాంటి జవాబే దొరికింది. లోతు ఒక మేరకు పెరిగేదాకా బతికేవాళ్లు పెరుగుతారు, ఆ తర్వాత ఇంకా లోతుకు పోతే లాభం లేదు. 2015లో నియమం మళ్లీ మారింది. అయిదు సెంటీమీటర్లకు తగ్గొద్దు, ఆరు దాటొద్దు. వేగం నిమిషానికి 100 నుంచి 120. విరిగిన ఎముకలను ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్ల శ్రమ ఆ ఒక్క సెంటీమీటరు హద్దులో ఉంది.

గాయాల పరిశోధన అనగానే "చూశారా, ప్రమాదమట, చెయ్యకపోవడమే మంచిది" అనేవాళ్లున్నారు. వాళ్ల కోసం అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో జరిగిన పని చెబుతాను. అక్కడ అంబులెన్సుకు ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఫోన్లోనే "ఛాతీ మధ్యలో చేతులు పెట్టండి, నొక్కండి" అని చెప్పి చేయిస్తారు. ఫోన్లో కదా, ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. గుండె ఆగనివాళ్లకు కూడా నొక్కేస్తారు. అలా పొరపాటున నొక్కించుకున్న 247 మందిని వెతికి పట్టుకుని, వాళ్లకు ఏమైందో చూసి 2010లో ప్రచురించారు. 12 శాతం మందికి నొప్పి. రెండు శాతం మందికి ఎముక విరిగింది. కాలేయం, ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవాలు దెబ్బతిన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇప్పుడు తూచి చూడండి. అవసరం లేని మనిషికి నొక్కితే కలిగే నష్టం అంత. అవసరమైన మనిషికి నొక్కకపోతే? గుండె ఆగాక ఏమీ చెయ్యకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తరిగిపోతుంది. పది నిమిషాలు చూస్తూ నిలబడితే మిగిలేది దాదాపు ఏమీ లేదు. విరిగిన పక్కటెముక ఆరు వారాల్లో తనంతట తానే అతుక్కుంటుంది, దానికి కట్టు కూడా అక్కర్లేదు.

లోపలి అవయవాలకు పెద్ద దెబ్బ అసలు తగలదని నేను అనను. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2017లో ప్రచురించిన పరిశోధనలో, చేతులతో నొక్కించుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి లోపల తీవ్రమైన దెబ్బ తగిలింది. పిస్టన్‌లా నొక్కే యంత్రంతో 7.4 శాతం, ఛాతీ చుట్టూ బెల్టు బిగించి నొక్కే యంత్రంతో 11.6 శాతం. యంత్రం అలిసిపోదు కాబట్టి కదిలే అంబులెన్సులో పనికొస్తుంది, కానీ మనిషి చేతుల కంటే అది సుతారంగా ఉంటుందనుకోవడానికి లేదు. అది ఆస్పత్రులవాళ్ల సంగతి. మన ఇంట్లో ఉండేవి మన చేతులే.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. ఎందుకంటే ఎముక విరుగుతుందన్న భయం కంటే ముందే మనల్ని ఆపేసేవి మరికొన్ని ఉన్నాయి.

మొదటిది ఎగశ్వాస. గుండె ఆగాక కొద్దిసేపటిదాకా చాలామంది నోరు తెరిచి, గురకలాంటి శబ్దంతో, ఉండీ ఉండీ ఒక ఊపిరి ఎగబీలుస్తారు. దాన్ని చూసి ఒకరు "ఊపిరుంది, ఊపిరుంది, ఏం కాదు" అంటారు. ఇంకొకరు "ఎగశ్వాస వచ్చేసింది, ఇక లాభం లేదు, తులసి నీళ్లు పోయండి" అంటారు. ఇద్దరూ ఆగిపోతారు. నిజానికి అది ఊపిరి కాదు. ఆఖరి ఘడియ అని చేతులు కట్టుకోవాల్సిన గుర్తూ కాదు. మెదడులో ఇంకా కాస్త ప్రాణం మిగిలి ఉందని చెప్పే గుర్తు. నొక్కడం మొదలుపెట్టడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఏళ్ల తరబడి మంచాన పడి, అన్ని జబ్బులూ ముదిరి, ఇంటిల్లిపాదీ సిద్ధపడి ఉన్న పెద్దల విషయం వేరు, వాళ్లను ప్రశాంతంగా సాగనంపడం కూడా ధర్మమే. నేను చెబుతున్నది పొద్దున టిఫిన్ తిని, పేపరు చదువుతూ పక్కకు ఒరిగిపోయిన మనిషి గురించి. ఆ మనిషి నోట్లో నీళ్లు పోయకండి. తెలివిలేనప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, మొహాన నీళ్లు చల్లడం, వీటన్నింటికీ పోయేది ఆ విలువైన నిమిషాలే.

రెండోది మంచం. నవారు మంచం మీదో, మెత్తటి పరుపు మీదో పడుకున్న మనిషి ఛాతీ నొక్కితే మన బలమంతా పరుపే తీసుకుంటుంది. వీపు కింద గట్టి నేల ఉండాలి. కానీ మన ఇళ్లలో మనిషిని మంచం మీంచి కింద దించడానికి ఒక అర్థం ఉంది. ప్రాణం పోయేటప్పుడు దించుతారు. అందుకే "అప్పుడే కింద పెడతారా!" అని ఇంట్లో ఆడవాళ్లు ఘొల్లుమంటారు, మగవాళ్ల చేతులు రావు. అమ్మా, అయ్యా, ఇక్కడ కింద దించేది సాగనంపడానికి కాదు, వెనక్కి తెచ్చుకోవడానికి. ఆ ఒక్క ముక్క గట్టిగా పైకి చెప్పి దించండి. అవతలివాళ్లు అడ్డు తప్పుకుంటారు.

మూడోది, పడిపోయింది ఆడమనిషైతే. అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగిన మగవాళ్లలో 45 శాతం మందికి పక్కవాళ్లు సీపీఆర్ చేస్తే, ఆడవాళ్లలో 39 శాతం మందికే చేశారు. అక్కడే అలా ఉంటే మన బస్టాండులో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చీర తొలగించనక్కర్లేదు. మీ అరచెయ్యి ఆనాల్సింది ఛాతీ మధ్య ఎముక మీద, అంతే. పుస్తెలతాడు అడ్డు వస్తే పక్కకు జరపండి, తెంచనక్కర్లేదు. షాకు ఇచ్చే ఏఈడీ యంత్రం అందుబాటులో ఉంటే మాత్రం దాని అట్టలు ఒంటికే అంటించాలి, లోహం వాటికి తగలకూడదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక కొంగో, దుప్పటో అడ్డం పట్టుకుంటే సరిపోతుంది.

సరే, ఎలా నొక్కాలో చెబుతాను. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే, మామూలుగా ఊపిరి పీల్చకపోతే, గుండె ఆగిందనే అనుకోండి. నాడి కోసం వెతుకుతూ కూర్చోకండి, అది తెలిసినవాళ్లకే కష్టం. ఒకరిని పేరు పెట్టి పిలిచి 108కి ఫోన్ చెయ్యమనండి. ఎవరూ లేకపోతే ఫోన్ స్పీకరు పెట్టి పక్కన పడేసి మీరే మొదలుపెట్టండి. మోకాళ్ల మీద కూర్చోండి. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించండి. రెండో చెయ్యి దాని మీద వేసి వేళ్లు ముడివెయ్యండి. వేళ్లు పక్కటెముకలకు తగలకుండా పైకెత్తండి. మోచేతులు వంచకండి. నడుము పైభాగం బరువంతా దించుతూ నొక్కండి.

గాయాలు తగ్గే కిటుకంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. చెయ్యి పక్కకు జరిగితే పక్కటెముకలు ఎక్కువ విరుగుతాయి. బాగా కిందికి, పొట్ట పైభాగం దాకా జారితే కాలేయానికి దెబ్బ. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. చాలామంది అలిసిపోయి దాని మీదే ఆనుకుని ఉంటారు, అప్పుడు గుండె నిండదు, నొక్కినా వెళ్లడానికి రక్తం ఉండదు. రెండు నిమిషాలకొకసారి మనిషిని మార్చండి. నాకేం అలుపు లేదని మీకనిపించినా మార్చండి, ఎందుకంటే మనకు అలుపు తెలిసేలోపే లోతు తగ్గిపోతుంది.

వేగం మాటల్లో చెబితే తెలియదు. ఇది రేడియో కాబట్టి వినిపిస్తాను. నా ముందున్న బల్ల మీద పది సెకన్ల పాటు తడతాను. మీరున్న చోటే అరచెయ్యి దేనిమీదైనా ఆనించి నాతోపాటు నొక్కండి.

(బల్ల మీద పది సెకన్ల పాటు పద్దెనిమిది దెబ్బలు)

పది సెకన్లకు పద్దెనిమిది. అంటే నిమిషానికి 108. మనం ఫోన్ చేసే నంబరూ అదే, నొక్కాల్సిన వేగమూ అదే అని గుర్తుపెట్టుకోండి. లెక్క పైకే పెట్టండి. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. పదమూడు, పద్నాలుగు అంటూ పోతే నోరు సాగుతుంది, నోటితోపాటు చేతులూ నెమ్మదిస్తాయి. ఇంకొకసారి తడతాను.

(బల్ల మీద పది సెకన్ల పాటు పద్దెనిమిది దెబ్బలు)

ఇలా నొక్కుతుండగా ఎముక చిట్లిన చప్పుడు వచ్చిందా, చెయ్యి సరైన చోటే ఉందో లేదో ఒక్క చూపు చూసుకోండి. జరిగి ఉంటే సర్దుకోండి. నొక్కుతూనే ఉండండి. చిట్లాక ఛాతీ మెత్తబడినట్టుంటుంది, అందుకని అంతే బలం పెడితే మరీ లోతుకు పోవచ్చు, ఆ కాస్త జాగ్రత్త పడండి. ఆపడం మాత్రం వద్దు. ఆపిన మరుక్షణం లోపలి ఒత్తిడి పడిపోతుంది, దాన్ని మళ్లీ కూడగట్టడానికి ఇంకొన్ని నొక్కులు వృథా అవుతాయి.

శిక్షణలో నాకు కనిపించే పెద్ద లోటు ఇక్కడే. శిక్షణకు వాడే కొన్ని బొమ్మల్లో సరైన లోతుకు నొక్కితే 'క్లిక్' అని చప్పుడు వస్తుంది. నేర్చుకునేవాళ్లు ఆ క్లిక్ కోసమే నొక్కుతారు, వస్తే సంతోషిస్తారు. అదే మనిషి ఛాతీలోంచి చప్పుడు వస్తే గుండెలు జారిపోతాయి. బొమ్మ లోపల ఉండేది స్ప్రింగు. అది మొదటి నొక్కుకూ రెండువందలో నొక్కుకూ ఒకేలా ఉంటుంది. మనిషి ఛాతీ అలా ఉండదు, నొక్కేకొద్దీ మారుతుంది, ఒకరిది గట్టి, ఒకరిది మెత్తన. ఈ తేడా నోటితో చెప్పడానికి ఏ ఖర్చూ లేదు. ప్రతి తరగతిలో, బొమ్మ దగ్గరికి వెళ్లకముందే, "మీ చేతి కింద ఎముక చిట్లవచ్చు, చిట్లితే మీరు తప్పు చేసినట్టు కాదు, ఆపకండి" అని చెప్పి తీరాలి. నేర్చుకునేవాళ్లతో ఆ మాట పైకి అనిపించాలి. శిక్షణ ఇచ్చే డాక్టర్లు, నర్సులు, 108 సిబ్బంది ఎవరైనా వింటుంటే వాళ్లకు నా విన్నపం ఇదే.

మరొక లోటు, ఒకసారి నేర్పి వదిలెయ్యడం. సర్టిఫికెట్టు గోడ మీద ఉంటుంది గానీ, మూడు నెలల నుంచి ఆరు నెలల్లో చేతి నేర్పు సడలిపోతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. ఏడాదికొకసారి రోజంతా కూర్చోబెట్టడం కంటే, రెండు మూడు నెలలకొకసారి పదేసి నిమిషాలు నొక్కించడం మేలు. బొమ్మ లేకపోతే గట్టి దిండు మీదైనా చేతులు పెట్టే తీరు, వేగం నిలుపుకోవచ్చు.

ఇలా నేర్పితే ఫలితం ఉంటుందా? డెన్మార్క్‌ను చూడండి. 2005లో బడుల్లో ఈ శిక్షణ తప్పనిసరి చేశారు, ఆ మరుసటేడు డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే నేర్చుకుని తీరాలన్నారు. 2001లో అక్కడ గుండె ఆగినవాళ్లలో 21 శాతం మందికే పక్కవాళ్లు సీపీఆర్ చేసేవాళ్లు. 2010 నాటికి అది 45 శాతం అయింది. నెల తర్వాత బతికి ఉన్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అందులో ఆస్పత్రుల పాత్రా ఉంది, కాదనను. కానీ ఆస్పత్రి దాకా ప్రాణంతో పంపింది మామూలు జనమే.

మన దగ్గరా మొదలైంది. మత్తు డాక్టర్ల జాతీయ సంఘం చొరవతో ఏర్పడిన ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో మామూలు జనం కోసం తేలికైన పద్ధతి ఒకటి ప్రచురించింది. నోట్లో నోరు పెట్టి ఊదడం లేకుండా, ఛాతీ నొక్కడం ఒక్కటే నేర్పుతారు. దాన్ని కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్, పొట్టిగా కోల్స్ అంటారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ చౌరస్తాలో రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి ప్రాణం పోసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం పోలీసులకూ మరికొందరు సిబ్బందికీ ఈ శిక్షణ మొదలుపెట్టింది. మంచి పని. ఇక ఇది బడులకు చేరాలి. పన్నెండేళ్ల పిల్లలు ఇది చక్కగా నేర్చుకుంటారు, నేర్చుకుని ఇంటికెళ్లి అమ్మకూ తాతకూ నేర్పుతారు.

నీళ్లలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, ఊపిరి కూడా ఊదాలి. చెరువులోంచి తీసిన బిడ్డను తలకిందులు చేసి తిప్పడం, నీళ్లు కక్కించాలని కడుపు నొక్కడం చెయ్యకండి.

కేసులవుతాయన్న భయం గురించి రెండు మాటలు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి మంచి కోసం, సద్బుద్ధితో చేసిన పనికి మన నేర చట్టం ఎప్పటినుంచో రక్షణ ఇస్తోంది. పాత ఐపీసీలో అది 92వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షను. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో గట్టిగా చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేర్చారు.

చివరగా, మీరు నొక్కిన మనిషి బతికి ఆస్పత్రికి చేరాక చెయ్యాల్సిన పని ఒకటుంది. అక్కడి డాక్టరుకు మూడు సంగతులు చెప్పండి. ఎన్ని గంటలకు పడిపోయారు, ఎంతసేపు నొక్కారు, ఎముక చిట్లిన చప్పుడు వచ్చిందా. దాచకండి. గుండెపోటు వల్ల ఆగిన గుండె అయితే వాళ్లు రక్తం గడ్డలు కరిగే మందు, రక్తం పలచబడే మందు ఇవ్వబోతారు. లోపల కాలేయానికో ఊపిరితిత్తికో దెబ్బ తగిలి ఉంటే ఆ మందుతో రక్తస్రావం పెరుగుతుంది. మీరు చెబితే ముందుగానే స్కాన్ తీసి చూసుకుంటారు. రోగి తెలివిలోకి వచ్చాక ఛాతీ నొప్పి అంటే అది గుండె నొప్పా, ఎముకల నొప్పా అని తేల్చుకోవడానికి కూడా మీ మాటే ఆధారం.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు ఛాతీ నొప్పి ఉంటుంది. నొప్పికి భయపడి ఊపిరి పైపైనే పీలిస్తే, దగ్గు అణుచుకుంటే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. డాక్టరు రాసిన నొప్పి మందు వేసుకుని, గంటకొకసారి నిండుగా ఊపిరి పీల్చమనండి. దగ్గేటప్పుడు ఒక దిండు ఛాతీకి ఆనించి పట్టుకోమనండి. జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా, కడుపు ఉబ్బి నొప్పి చేసినా మరునాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.